దీపం మిణుకు... ఇంజిన్‌కు వణుకు!

"ఏవండీ... ఆ ఎర్రదీపం ఏంటి? ఇందాకట్నుంచీ మిణుకు మిణుకుమంటోంది!"

మే నెల మిట్టమధ్యాహ్నం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. ఆగిన బండ్ల మధ్య ఓ తెల్ల మారుతీ 800. స్టీరింగ్ ముందు రిటైరైన మాస్టారు. పక్కన ఆయన భార్య. ఈమధ్యే ఆమెకు కంట్లో శుక్లం తీశారు. మళ్లీ చూపించుకోమంటే గుడివాడ నుంచి వస్తున్నారు.

మాస్టారు మీటర్ బోర్డు వైపు చూశారు. నూనె చుక్క కారుతున్న చిన్న డబ్బా బొమ్మ. చూడ్డానికి అచ్చం అల్లావుద్దీన్ దీపంలా ఉంటుంది. అది వెలుగుతోంది, ఆరుతోంది. ఇంతలో పచ్చదీపం పడింది. యాక్సిలరేటర్ మీద కాలు వేయగానే ఎర్రదీపం ఆరిపోయింది. "ఏం లేదులే, ఎండకి వేడెక్కింది" అన్నారాయన. తర్వాతి సిగ్నల్ దగ్గర మళ్లీ అదే వరస. కదిలితే ఆరుతుంది, ఆగితే మిణుకుమంటుంది.

1998లో ముచ్చటపడి కొనుక్కున్న కారు. పదిహేనేళ్లు నిండాక కూడా రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుకొంటున్నారు. ఇప్పుడు అమ్మితే పెద్దగా ఏమీ రాదు. కానీ ఆస్పత్రికి, పెళ్లిళ్లకి, మనవల్ని తీసుకురావడానికి స్టేషన్‌కి... అన్నిటికీ అదే దిక్కు. అది మూలపడితే మరో కారు కొనే ఓపిక లేదు.

మారుతీ 800 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ తయారీకి కూడా అదే ఏడాది తెరపడింది. అయినా మన ఊళ్లలో ఈ రెండు బండ్లూ ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లలో చాలామందికి ఈ మిణుకుమనే దీపం ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. అప్పుడు ఏం చేయాలి? భయపడాలా? పట్టించుకోకుండా వదిలేయాలా?

రెండూ తప్పే!

ఇద్దరు మెకానిక్కులు... రెండు తీర్పులు

డాక్టరు దగ్గర పని అయ్యాక మాస్టారు దార్లో కనిపించిన ఓ చిన్న షెడ్డు ముందు కారు ఆపారు. అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి చూసి, "ఆయిల్ స్విచ్ పోయింది సార్. మామూలే" అన్నాడు. కొన్ని వందలతో పని అయిపోయింది. దీపం ఆరింది. మాస్టారు హాయిగా గుడివాడ చేరారు.

రెండ్రోజులు బాగానే గడిచింది. మూడోరోజు బజారు నుంచి తిరిగొస్తుంటే రైల్వే గేటు దగ్గర మళ్లీ మిణుకు. ఈసారి ఊళ్లో ఇంకో మెకానిక్‌కి చూపించారు. ఆయన ఇంజిన్ చప్పుడు విని పెదవి విరిచాడు. "బేరింగులు అరిగిపోయాయి మాస్టారూ. హాఫ్ ఇంజిన్ చేయించాల్సిందే. ముప్ఫై వేలు దాటుతుంది" అన్నాడు.

ఒకరు వందలన్నారు. మరొకరు వేలన్నారు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆయిల్ ఒత్తిడి ఎంతుందో కొలిచి చూడలేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జ్వరం ఎంతుందో చూడకుండా ఒకరు మాత్రా, మరొకరు ఆపరేషనూ రాసిచ్చినట్టయింది.

అసలా దీపం ఏం చెబుతుంది?

చాలామంది ఈ దీపం వెలిగితే 'ఆయిల్ తగ్గింది' అనుకుంటారు. మారుతీ 800, అంబాసిడర్ లాంటి పాత బండ్లలో ఈ దీపానికి ఆయిల్ ఎంతుందో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే... ఒత్తిడి.

ఇంజిన్ అడుగున ఛాంబర్‌లో నూనె నిల్వ ఉంటుంది. మారుతీ 800లో దాదాపు మూడు లీటర్లు. ఆయిల్ పంపు దాన్ని జాలీలోంచి పీల్చి, ఫిల్టర్ గుండా నెట్టి, సన్నటి దారుల్లో క్రాంక్ షాఫ్ట్ బేరింగులకూ, పైన కామ్ షాఫ్ట్‌కూ పంపిస్తుంది. ఆ దారిలోనే ఓ చోట బొటనవేలంత స్విచ్ బిగించి ఉంటుంది.

స్విచ్ పనితీరు చాలా తేలిక. ఒత్తిడి లేనప్పుడు లోపలి రెండు రేకులూ కలిసి ఉంటాయి. తాళం తిప్పగానే కరెంటు దీపం గుండా వచ్చి, స్విచ్ ద్వారా ఇంజిన్ ఇనుముకు ఎర్త్ అవుతుంది. దీపం వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయ్యాక నూనె ఒత్తిడి లోపలి పొరను నెడుతుంది. రేకులు విడిపోతాయి. దీపం ఆరిపోతుంది. అంతే!

ఎంత ఒత్తిడికి విడిపోతాయి? బండిని బట్టి సుమారు 4 నుంచి 7 పౌండ్ల మధ్య. టైర్లలో గాలి కొలిచే పౌండ్లే ఇవి. టైరుకు ముప్ఫై పౌండ్ల గాలి పట్టిస్తాం కదా... ఆ లెక్కన నాలుగైదు పౌండ్లంటే ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. అంటే ఈ దీపం 'ఒత్తిడి కాస్త తగ్గింది' అని ముందుగా చెప్పే రకం కాదు. దాదాపు అడుగంటాకే నోరు విప్పుతుంది. అందుకే దాని మాట కొట్టిపారేయకూడదు.

ఒత్తిడి తగ్గితే వచ్చే నష్టం ఏంటి? తిరిగే క్రాంక్ షాఫ్ట్ నిజానికి బేరింగును తాకదు. రెండిటి మధ్యా వెంట్రుక కంటే సన్నటి సందు. అందులో నూనె పొర. ఆ పొర మీదే క్రాంక్ తేలుతూ తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 50 చుట్లు. ఆ వేగంలో నూనె పొర తెగితే ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. బేరింగు మీది మెత్తటి లోహం చెరిగిపోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఆగితేనే ఎందుకు మిణుకు?

ఇంటి మీది ట్యాంకుకు రెండు కుళాయిలున్నాయనుకుందాం. రెండూ కాస్త కాస్త తిప్పితే నీళ్లు జోరుగా వస్తాయి. పది కుళాయిలు పెట్టి అన్నీ బార్లా తెరిస్తే? ధార సన్నబడిపోతుంది. ఇంజిన్‌లోనూ ఇంతే. పంపు చేసే పని నూనెను తోయడం. ఒత్తిడి పుట్టేది ఆ నూనె సన్నటి సందుల్లోంచి వెళ్లడానికి కష్టపడటం వల్ల. బేరింగులు అరిగి సందులు పెరిగితే నూనె తేలిగ్గా జారిపోతుంది. ఒత్తిడి పడిపోతుంది. సందు రెట్టింపైతే జారిపోయే నూనె రెట్టింపుతో ఆగదు. అదే ఒత్తిడి దగ్గర దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది!

నూనె పలచబడినా ఇదే జరుగుతుంది. గడ్డకట్టిన నెయ్యి గరిటెకు అంటుకుంటుంది. కాచిన నెయ్యి నీళ్లలా జారుతుంది. ఇంజిన్ ఆయిల్ కూడా వేడెక్కేకొద్దీ పలచబడుతుంది. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటే, మొదటి అంకె చల్లటి వేళ నూనె ఎలా పారుతుందో చెబుతుంది. రెండోది ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది.

ఇక వేగం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నిమిషానికి ఎనిమిది తొమ్మిది వందల చుట్లే తిరుగుతుంది. పంపు కూడా నెమ్మదిస్తుంది. పాతకాలం మేస్త్రీలకు ఓ మోటు లెక్క ఉంది... ప్రతి వెయ్యి చుట్లకూ పది పౌండ్లు ఉంటే ఇంజిన్‌కు ఢోకా లేదని. ఆ లెక్కన నిలబడ్డ బండిలో ఎనిమిది, తొమ్మిది పౌండ్లు ఉంటాయి. దీపం వెలిగే గీత నాలుగు నుంచి ఏడు. అంటే మధ్యలో మిగిలిన జాగా చాలా తక్కువ! ఎండ, ట్రాఫిక్, పలచబడ్డ నూనె, పాత బేరింగులు... అన్నీ కలిస్తే ఆ జాగా కాస్తా కరిగిపోతుంది. ఒత్తిడి సరిగ్గా గీత మీద అటూ ఇటూ ఊగుతుంటే దీపం మిణుకుమంటుంది. యాక్సిలరేటర్ నొక్కగానే ఆరిపోవడమూ అందుకే.

మాస్టారి కారుకు కొత్త స్విచ్ వేస్తే రెండ్రోజులు దీపం ఎందుకు ఆగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అన్ని స్విచ్‌లూ సరిగ్గా ఒకే ఒత్తిడి దగ్గర పనిచేయవు. కొత్తది అర పౌండు కిందికి వెలిగే రకమై ఉంటుంది. రోగం అలాగే ఉంది. చెప్పే నోరు కాస్త ఆలస్యంగా తెరుచుకుంది.

ఎప్పుడు మిణుకుతోంది? గుర్తుంచుకోండి!

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

* మలుపులో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెలిగిందా? ఛాంబర్‌లో నూనె తక్కువుందేమోనని మొదట అనుమానించాలి. నూనె ఓ పక్కకు ఒరిగిపోతే పంపు గాలి పీలుస్తుంది.

* ఇంజిన్ బాగా వేడెక్కాక, బండి ఆగినప్పుడే మిణుకుతోందా? నూనె పలచబడటం, బేరింగులు లేదా పంపు అరగడం, ఐడిలింగ్ మరీ తక్కువగా పెట్టడం... వీటిలో ఏదైనా కావచ్చు.

* పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతోందా? ఫిల్టర్ లోపల నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర పాడై ఉండొచ్చు. నాసిరకం ఫిల్టర్లలో ఇది మామూలే.

* వేగం పెంచితే వెలుగుతోందా? ఇది ప్రమాద సూచన. అడుగున జాలీకి జిడ్డు మడ్డి పట్టి పంపుకు నూనె అందకపోవచ్చు. నూనె మట్టం బాగా పడిపోయినా ఇలాగే ఉంటుంది.

* ఇంజిన్ వేగంతో, వేడితో పని లేకుండా గతుకుల్లో మాత్రమే వెలుగుతోందా? వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతుండొచ్చు.

* ఇంజిన్ అడుగు నుంచి బరువైన 'టక్... టక్' చప్పుడు కూడా వస్తోందా? ఇక ప్రశ్నలక్కర్లేదు. ఇంజిన్ ఆపేసి బండిని కట్టించుకుని వెళ్లాల్సిందే.

పెరిగిన నూనె... పట్టిచ్చిన వాసన

రెండు తీర్పుల మధ్య నలిగిపోయిన మాస్టారు చివరికి ఆటోనగర్‌లో ఓ పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. గుడివాడ నుంచి కారు నడుపుకొంటూనే వచ్చారని తెలిసి ఆయన ముందు చీవాట్లు పెట్టాడు. "దీపం మిణుకుతుంటే నలభై కిలోమీటర్లు తోలుకొస్తారా మాస్టారూ! కట్టించుకుని రావాలి గానీ!"

తర్వాత బండిని చదునైన చోట పెట్టించి, ఇంజిన్ ఆపించి, పది నిమిషాలు ఊరుకున్నాడు. పైకెక్కిన నూనె కిందికి దిగడానికి ఆమాత్రం సమయం ఇవ్వాలి. అప్పుడు డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు.

"ఈమధ్య ఆయిల్ పోయించారా?"

"లేదయ్యా. ఇదివరకు నెలకోసారి కాస్త తగ్గేది. ఈ మూడు నెలలుగా చుక్క తగ్గలేదు. ఇంజిన్ బాగుపడిందనుకున్నా" అన్నారు మాస్టారు, కాస్త గర్వంగానే.

మేస్త్రీ నవ్వాడు. కడ్డీ మీద నూనె పై గీతను దాటి వేలెడు ఎత్తున ఉంది. తాగాల్సిన పాత ఇంజిన్ తాగడం మానేయడమే కాదు, నూనె పెరిగింది కూడా! పెట్టెలో డబ్బులు వాటంతటవే పెరిగితే ఎవరైనా సంతోషించే ముందు అనుమానించాలి. మేస్త్రీ ఆ నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దాడు. నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాస్టారి ముక్కు దగ్గరా పెట్టాడు.

పెట్రోలు వాసన!

డిప్ స్టిక్ చెప్పే సంగతులు ఇన్నిన్ని కావు. నూనె కింది గీతకు దిగితే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగుతోంది. కాఫీలో పాలు కలిసినట్టు తెల్లబారితే కూలింగ్ నీళ్లు కలిశాయి. పెరిగి, పలచబడి, పెట్రోలు కంపు కొడితే ఇంధనం కలిసింది. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు. ఓ పాత గుడ్డ చాలు. అయినా ముందు చూసిన ఇద్దరూ ఈ కడ్డీని బయటికి తీయనే లేదు.

అనుమానం చాలదు... కొలవాలి!

సంగతి దొరికింది కదా అని మేస్త్రీ అక్కడితో ఆగలేదు. ముందు వైరు సంగతి తేల్చాడు. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పించాడు. దీపం నిలకడగా వెలిగింది. స్విచ్ నుంచి వైరు ఊడదీశాడు. దీపం ఆరింది. ఊడిన వైరును ఇంజిన్ ఇనుముకు తాకించాడు. మళ్లీ వెలిగింది. వైరును అటూ ఇటూ కదిలించి చూశాడు. ఏ తేడా లేదు. అంటే వైరు, బల్బు రెండూ బాగున్నట్టే. వైరు ఊడదీశాక కూడా దీపం వెలుగుతూనే ఉంటే అది దారిలో ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం. ఈ పరీక్షకు పట్టేది రెండే నిమిషాలు.

ఆ తర్వాత స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మర సరిపోయే గేజ్ బిగించాడు. ముల్లుతో కొలిచే మామూలు మీటరది. మర సరిపోనిది బలవంతంగా తిప్పితే రంధ్రమే పాడైపోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి. కొలత ఎప్పుడూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే తీయాలి. చల్లటి ఇంజిన్‌లో నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిపోయిన ఇంజిన్ కూడా మంచి అంకె చూపించి మోసం చేస్తుంది.

నిలబడ్డ బండిలో 5 పౌండ్లు. నిమిషానికి 3000 చుట్ల దగ్గర 22. దీపం అబద్ధం చెప్పడం లేదు. స్విచ్ కుర్రాడి తీర్పు తప్పని తేలిపోయింది. మరి హాఫ్ ఇంజిన్ తీర్పు? అది తేలాలంటే ముందు ఇంజిన్‌లో ఉండాల్సిన నూనె ఉండాలి. పెట్రోలు కలిసిన నూనెతో ఏ ఇంజిన్‌ను కొలిచినా అది అరిగిపోయినట్టే కనిపిస్తుంది.

దొంగ ఎక్కడ?

కార్బురేటర్ ఉన్న మారుతీ 800లో పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. కామ్ షాఫ్ట్ తిరుగుతుంటే దాని మీట కొట్టుకుంటూ లోపలి రబ్బరు పొరను పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆ కదలికతోనే ట్యాంకులోంచి పెట్రోలు వస్తుంది. పొరకు ఓ పక్క పెట్రోలు, మరో పక్క ఇంజిన్. పాతబడి పొర చిరిగితే పెట్రోలు బయటికి కారొచ్చు... లోపలికి దిగి ఇంజిన్ ఆయిల్‌లోనూ కలవొచ్చు. మాస్టారి కారులో జరిగింది ఈ రెండోది.

పంపు విప్పి చూస్తే పొర అంచున సన్నటి చీలిక కనిపించింది. కొత్త పంపు వేశారు. పలచటి నూనెనంతా దించేశారు. ఫిల్టర్ మార్చి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ పోశారు. పెట్రోలు కలిసిన నూనెతో బండి నడపడం బేరింగులకే కాదు, మంటలకూ ముప్పేనని మేస్త్రీ హెచ్చరించాడు.

ఇంజిన్ మళ్లీ వేడెక్కేదాకా ఆటోనగర్‌లో ఓ చుట్టు తిప్పి తెచ్చి గేజ్ చూశారు. నిలబడ్డప్పుడు 12 పౌండ్లు. 3000 చుట్ల దగ్గర 38. కొత్త ఇంజిన్ చూపించే అంకెలు కావివి. బేరింగులు కొంత అరిగిన మాట నిజమే. కానీ హాఫ్ ఇంజిన్‌కు తొందరేమీ లేదు. ముప్ఫై వేలనుకున్నది అందులో చిన్న భాగంతో తేలిపోయింది.

అదృష్టం ప్రతిసారీ ఇలా ఉండదు

నూనె సరిపడా ఉండి, మంచి గ్రేడు వేసి, కొత్త ఫిల్టర్ పెట్టి, ఐడిలింగ్ సరిచేశాక కూడా గేజ్ తక్కువే చూపిస్తే? అప్పుడు కింది ఛాంబర్ దించాలి. మొదట చూడాల్సింది జాలీ. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని బండ్లలో నల్లటి మడ్డి దానికి పేరుకుని ఉంటుంది. తర్వాత ఒత్తిడి హెచ్చితే నూనెను వెనక్కి వదిలే వాల్వు. అందులో చిన్న లోహపు రజను ఇరుక్కున్నా వాల్వు మూసుకోదు. నూనె పక్కదారి పడుతుంది. ఆ తర్వాత పంపు. దాని పళ్ల మధ్య సందు ఎంత పెరిగిందో కొలవాలి.

ఇవన్నీ బాగుంటేనే వేలు బేరింగుల వైపు చూపించాలి. అదీ చూపుతో కాదు. ఓ క్యాప్ విప్పి బేరింగు రేకు చూడాలి. క్రాంకును మైక్రోమీటర్‌తో కొలవాలి. గీతలు పడకుండా కొలత లోపలే ఉంటే కొత్త రేకులతో సరిపోతుంది. అరిగి ఉంటే క్రాంకును గ్రైండింగ్ చేయించి, ఆ మేరకు మందమైన రేకులు వేయించాలి. అప్పుడు హాఫ్ ఇంజిన్ మాట నిజమే అవుతుంది. కానీ అది చివరి మెట్టు. మొదటి మెట్టు కాకూడదు.

ఏ మెకానిక్ అయినా నేరుగా చివరి మెట్టు ఎక్కమంటే మర్యాదగా ఓ మాట అడగొచ్చు... "గేజ్ పెట్టి చూశారా? ఎన్ని పౌండ్లుంది?" పని తెలిసినవాడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

కంటితుడుపు వైద్యాలు

మిణుకుమనే దీపాన్ని ఆర్పడానికి చిట్కాలు చాలానే ఉన్నాయి. రోగం కుదర్చకుండా నోరు నొక్కేవే ఎక్కువ.

మొదటిది చిక్కటి నూనె. గ్రేడు పెంచి పోస్తే సందుల్లోంచి జారడం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. దీపం ఆరుతుంది. బాగా అరిగిన ఇంజిన్‌ను ఇంకొన్నాళ్లు లాక్కురావడానికి, మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో చిక్కటిది ఎంచుకోవడంలో తప్పు లేదు. కారణం తెలుసుకోకుండా పోస్తేనే ముప్పు. మాస్టారి కారులో అదే చేసి ఉంటే పెట్రోలు ఆ నూనెనూ పలచన చేసేది. పైగా జాలీ మూసుకుపోయిన ఇంజిన్‌కు చిక్కటి నూనె పోస్తే పంపుకు అందేది ఇంకా తగ్గుతుంది.

రెండోది వాల్వు స్ప్రింగు వెనక వాషర్ పెట్టడం. ఆ వాల్వు తెరుచుకునేది ఒత్తిడి బాగా పెరిగినప్పుడు. నిలబడ్డ బండిలో అది ఎలాగూ మూసుకునే ఉంటుంది. దాని వెనక ఎన్ని వాషర్లు పెట్టినా సిగ్నల్ దగ్గర మిణుకు ఆగదు.

మూడోది అన్నిటికన్నా పెద్ద మోసం... వైరు ఊడదీయడం! పాత కారు అమ్మేసే ముందు కొందరు చేసే పని ఇది. వైరు ఊడితే దీపం ఇక ఎప్పటికీ వెలగదు. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఓ చిన్న పరీక్ష మర్చిపోకూడదు. తాళం తిప్పండి. ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఎర్రదీపం వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయి ఉండాలి, వైరు తెగి ఉండాలి, లేదా ఎవరో కావాలనే పీకి ఉండాలి. వెలిగితే స్టార్ట్ చేయండి. రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. అక్కడితో సరిపెట్టుకోకుండా అరగంట నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఓ చోట ఆపి మళ్లీ చూడండి. అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

వేసవిలో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లు బయల్దేరే ముందురోజే డిప్ స్టిక్ చూసుకోవాలి. తగ్గిందో లేదోనని మాత్రమే కాదు, పెరిగిందేమోనని కూడా! రోజూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే కొద్దికొద్దిగా పెట్రోలూ, తేమా నూనెలో చేరుతుంటాయి. అలాంటి బండ్లకు కిలోమీటర్ల లెక్క చూడకూడదు, నెలల లెక్కన ఆయిల్ మార్చాలి. దార్లో దీపం వెలిగితే మాత్రం ఇంకో ఊరిదాకా లాగుదాం అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. నూనె చూడండి. తక్కువుంటే పోసి, దీపం ఆరితేనే కదలండి.

ఆ సాయంత్రం మాస్టారు ఆటోనగర్ నుంచి ఇంటికి బయల్దేరారు. ఆస్పత్రిలో చూపించుకుని వచ్చిన భార్య పక్క సీట్లో కూర్చున్నారు. శుక్లం తీశాక ఆమెకిప్పుడు చూపు బాగా ఆనుతోంది. తాళం తిప్పగానే ముందుకు వంగి మీటర్ బోర్డు చూశారు.

"వెలిగిందండీ."

ఇంజిన్ స్టార్టయింది.

"ఆరిందండీ. ఇక పదండి."